అమ్మినవాణ్ని చూపించు

మూలఘటిక కేతన అనగానే దశకుమార చరిత్ర, ఆంధ్రభాషాభూషణం గుర్తుకొస్తాయి. ఆయన మూడో పుస్తకం జోలికి సాహిత్యం చదివేవాళ్లు పెద్దగా వెళ్లరు. పదమూడో శతాబ్దంలో, తిక్కన కాలంలోనే, యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆయన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగులోకి తెచ్చాడు. ధర్మశాస్త్రం తెలుగు వేషం కట్టిన తొలి సందర్భాల్లో అదొకటి. ఆ స్మృతి వ్యవహార భాగంలో సొంతం కాని సొత్తును అమ్మడం గురించి ప్రత్యేకంగా ఒక ప్రకరణం ఉంది. దాని సారాంశం ఇదీ: అమ్మినవాడు దొంగని తేలితే సొత్తు అసలు యజమానికి వెళ్తుంది. కొన్నవాడు తనకు ఎవరు అమ్మారో చూపించగలిగితే బయటపడతాడు, ఇచ్చిన డబ్బు ఆ అమ్మినవాడి దగ్గర రాబట్టుకుంటాడు. నలుగురికీ తెలియకుండా కొంటే తప్పు కొన్నవాడిదే. ఇక ఆ వస్తువు కలిగి ఉండే తాహతు లేనివాడి దగ్గర గుట్టుగా కొన్నా, మరీ తక్కువ ధరకు కొన్నా, వేళగాని వేళ కొన్నా అతణ్నీ దొంగ కిందే జమకట్టాలి. వెయ్యేళ్లకు పైబడిన ఈ సూత్రంలో వస్తువు బాగుందా లేదా అన్న ప్రస్తావనే లేకపోవడం గమనించాలి. అడిగినవన్నీ మనిషి గురించీ చోటు గురించీ ధర గురించీ వేళ గురించీ. కృష్ణా డెల్టాలో పాత సరుకు బేరాల చరిత్రను సంత నుంచి సెల్‌ఫోన్ దాకా చూసుకుంటూ వస్తే ఆ పాత ధర్మశాస్త్రమే సరైన ప్రశ్న వేసిందని నాకు అనిపిస్తుంది. సెకండ్‌హ్యాండ్ సరుకులో మోసం ఎప్పుడూ ఉంది. కానీ ఒకప్పుడు దాగింది సరుకులోని లోపం. ఇప్పుడు దాగుతున్నది అమ్మేవాడు. ఈ తేడా పట్టించుకోని జాగ్రత్తలు ఎన్ని చెప్పినా దండగే.

డెల్టాలో అన్నిటికన్నా పెద్ద సెకండ్‌హ్యాండ్ సరుకు చాలాకాలం పాటు పశువే. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలవల నీళ్లు పారినకొద్దీ బీళ్లు వరిచేలయ్యాయి. దమ్ము చెయ్యడానికి ఎడ్లూ దున్నలూ ఎక్కువ కావాలి, వాటిని పెంచడానికి మేత నేల మాత్రం తగ్గిపోయింది. దాంతో మెట్ట ప్రాంతాల పశువుల్ని సంతల్లో కొని తెచ్చుకోవడం డెల్టా రైతుకు మామూలైంది. ఎద్దును కొత్తగా కొనడమంటూ ఉండదు. అప్పటికే ఎవరో మేపినదీ, ఎవరి కాడి కిందో నడిచినదీ అయి ఉంటుంది. అందుకే కొనేవాడు ముందు నోరు తెరిపించి చూస్తాడు. పశువుకు ముందుపళ్లు కింది దవడకే ఉంటాయి. రెండేళ్లు దాటాక పాలపళ్లు జంటలు జంటలుగా ఊడి కొత్తవి వస్తాయి, నాలుగున్నర అయిదేళ్లకు ఎనిమిదీ నిండుతాయి. రెండుపళ్ల కోడె, ఆరుపళ్ల కోడె అంటూ ధర కట్టడం అందుకే. ఆ తర్వాత పళ్ల అరుగుదల చూడాలి, అక్కడే మాయ మొదలవుతుంది. ఆవు కొమ్ము మీద వలయాలు ఎన్ని ఈతలైందో చెబుతాయి గనుక కొమ్ముల్ని అరగదీసి నూనె రాస్తారు. పాడి గేదెను సంతకు తోలుకొచ్చే ముందు పూటో రెండు పూటలో పితకకుండా వదిలేస్తే పొదుగు నిండుగా కనిపిస్తుంది. దీనికి విరుగుడు కూడా సంతే నేర్పింది: వరసగా రెండు మూడు పూటలు మన చేత్తో పితికి చూసుకున్నాకే డబ్బు లెక్కపెట్టడం. యాజ్ఞవల్క్యుడు పాడి పశువును పరీక్షించుకోవడానికి మూడు రోజులు, మోసే పశువుకు అయిదు రోజులు, ఇనుముకు ఒకరోజు, విత్తనాలకు పది రోజులు గడువిచ్చాడు. (అదే జాబితాలో దాసదాసీలకూ గడువులున్నాయి, పాతకాలాన్ని మరీ నెత్తిన పెట్టుకోకుండా ఉండటానికి ఆ సంగతి పనికొస్తుంది.) బెజవాడ దగ్గరి గన్నవరంలో 1998లో వచ్చిన ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో ఇప్పుడు పళ్లను బట్టి వయసు చెప్పడం పాఠంగా నేర్పుతారు, సంతలో బేరగాడికి ఆ పాఠం వేళ్ల చివర ఉండేది.

బేరగాడన్నాక అతని గురించి ఆగి మాట్లాడాలి. సంతలో అమ్మేవాడూ కొనేవాడూ నేరుగా ధర చెప్పుకోరు. మధ్యలో దళారి నిలబడి, చేతుల మీద తుండుగుడ్డ కప్పి, వేళ్లు పట్టుకుని అంకె చెబుతాడు. ఒకవైపు పట్టిన వేళ్లు రెండోవైపు వాళ్లకు తెలియవు. ఇది చూసినవాడెవడైనా సంత నిజాయితీకి ఆనవాలు అనడు. దళారి అటు ఒక మాట, ఇటు ఒక మాట చెప్పి మధ్యలో మిగుల్చుకోవడం అందరికీ తెలిసిన సంగతే. అమ్మేవాడి తరఫున పశువును పొగుడుతూనే కొనేవాడి భుజం తడతాడు. మరి అలాంటి దళారి వ్యవస్థను మోసానికి అడ్డుగోడ అనడం ఏం సబబని ఎవరైనా అడగొచ్చు. సబబైన ప్రశ్నే. నా జవాబు ఇది: దళారి మోసానికి ఒక ఎల్ల ఉండేది. ధరలో కొంత, లోపం దాచడంలో కొంత అతను తినగలడు. కానీ గుడ్డ కింద అంకె దాగినా పశువు ఎదురుగా ఉంది, అమ్మేవాడు ఎదురుగా ఉన్నాడు, పట్టపగలు ఉంది, చుట్టూ నలుగురున్నారు. అన్నిటికీ మించి దళారి మళ్లీ వారం అదే సంతకు రావాలి. అంతకుముందు వారం అంటగట్టిన ఎద్దు కుంటిదని తేలితే ఆ రైతు వెతుక్కుంటూ వస్తాడని తెలిసే మాట్లాడతాడు. దళారి పుణ్యాత్ముడైనందువల్ల వచ్చిన భద్రత కాదిది, దొరికే మనిషి కావడం వల్ల వచ్చింది. బయానా సంగతీ ఇంతే. పశువును చూసి, బేరం తెగాక, దాని ముందే నిలబడి ఇచ్చే బయానా అమ్మేవాణ్ని కట్టేస్తుంది. తర్వాత వచ్చినవాడు ఎక్కువిస్తానన్నా అతను మాట మార్చకూడదు. చూడకముందే బయానా అడిగేవాణ్ని సంతలో ఎవరూ నిలబడనివ్వరు.

ఇంటి సామాన్ల దగ్గర ఈ భద్రత ఇంకో రూపంలో ఉండేది. ఇత్తడి బిందె నుంచి స్టీలు గ్లాసు దాకా గిన్నెల మీద పేర్లు చెక్కించడం తెలుగిళ్లలో అలవాటు. ఎవరు పెట్టారో, ఏ పెళ్లికి పెట్టారో, తేదీతో సహా ఉంటుంది. కానుకకు గుర్తుగానే చెక్కించారనుకున్నా, దొంగసొత్తు కొనేవాడికి ఆ అక్షరాలు అడ్డం పడేవి. పాత చీరలకు స్టీలు సామాన్లిచ్చేవాళ్లూ, పాత ఇనుము కొనేవాళ్లూ మోసం చేస్తే కాటాలోనే చేశారు. పాత పుస్తకాల్లో అదీ లేదు. బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకం కొనేవాడు అట్ట తిప్పి, పేజీలు లెక్కబెట్టి, చెదపురుగు తిన్న చోటు వేలితో తడిమి కొంటాడు. దాచడానికి అందులో ఏమీ మిగలదు.

ఇరవయ్యో శతాబ్దంలో పశువు స్థానంలోకి లారీ వచ్చింది. కలకత్తా మద్రాసు రోడ్డూ, హైదరాబాదు మచిలీపట్నం రోడ్డూ విజయవాడలో కలుస్తాయి. అప్పట్లో అయిదు, తొమ్మిది నంబర్లు, ఇప్పుడు పదహారు, అరవై అయిదు. గన్నవరం అందులో మొదటి రోడ్డు మీద ఊరు. డెల్టా ధాన్యం, పొగాకు, మామిడి మోసే లారీలకు మరమ్మతులు చేసే షెడ్లు ఊళ్లో ఇరుకైపోవడంతో 1960ల్లో నగరం తూర్పు అంచున జవహర్ ఆటోనగర్ పుట్టింది. చాసిస్‌కు బాడీ కట్టడం నుంచి పాత స్పేర్‌పార్టుల దాకా అన్నీ ఒకేచోట దొరికే ఆ పేట దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఇక్కడ పాత లారీ కొనేవాడు ఒంటరిగా రాడు, తనకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకొస్తాడు. ఇంజను చప్పుడు, పొగ రంగు చూసి బోరుకొచ్చిందా లేదా మెకానిక్ చెబుతాడు. అయితే పశువుకు లేని ఒక చిక్కు లారీకి ఉంది: కాగితం. బండి మీద ఫైనాన్స్ బాకీ ఉండొచ్చు, ఆర్‌సీలో పేరు వేరే ఉండొచ్చు, చాసిస్ మీద అంకెలు చెరిపి కొట్టి ఉండొచ్చు. అందుకే చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసే పద్ధతి వచ్చింది. ఫైనాన్స్ కంపెనీ బాకీ తీరిందని ఇచ్చే ఫారం 35, వేరే పరిధికి బండి తీసుకెళ్లడానికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, పేరు మార్చడానికి 29, 30 ఫారాలు ఆటోనగర్ బేరగాడికి వంటపట్టిన అంకెలు. కొనేవాడి అనుమానం పళ్ల మీద నుంచి కాగితాల మీదకు మళ్లింది, అంతే. అమ్మేవాడు మాత్రం అప్పటికింకా షెడ్డు ముందు టీ గ్లాసుతో నిలబడే ఉన్నాడు.

అర్థశాస్త్రవేత్తలు సెకండ్‌హ్యాండ్ బజారు గురించి చెప్పే ప్రసిద్ధ సిద్ధాంతం కూడా ఈ దశ గురించే. 1970లో జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. 2001లో ఆయనకు నోబెల్ రావడానికి ఆ వ్యాసమే ప్రధాన కారణం. కారులో లోపమేమిటో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అనుమానంతో తక్కువ ధర చెబుతాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు, చెత్త కారున్నవాడే మిగులుతాడు. అలా బజారు తనంతట తానే చెడిపోతుంది. ఆటోనగర్‌కు ఇది చక్కగా అతుకుతుంది, సంతకూ అతుకుతుంది. ఇవాళ్టి ఆన్‌లైన్ మోసానికి మాత్రం అతకదు. ఎందుకంటే అకర్లాఫ్ రెండు సంగతుల్ని అడగకుండానే ఒప్పుకున్నాడు: కారు ఉంది, అమ్మేవాడు ఉన్నాడు. ఆ రెండూ లేకుండా బేరం సాగుతుందని 1970లో ఎవరూ ఊహించి ఉండరు.

మధ్యలో పత్రికల కాలం ఒకటి గడిచింది. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక మొదలైన నాటి నుంచీ తెలుగు పత్రికలు ప్రకటనల మీద ఆధారపడుతూనే వచ్చాయి. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు 1978లో విజయవాడ నుంచి కూడా అచ్చవడం, 1989లో జిల్లా అనుబంధాలు రావడంతో వార్తతో పాటు చిన్న ప్రకటన కూడా జిల్లా ఊళ్లకు దగ్గరైంది. అమ్మకానికి పాత ట్రాక్టరు, అద్దెకు ఇల్లు, ఇన్ని అక్షరాలకు ఇంత అని. ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య బేరానికి దారి తీసింది ఈ ప్రకటనే గనుక ఆన్‌లైన్ మోసానికి బీజం అక్కడే పడిందని వాదించేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. ప్రకటన ఇచ్చేవాడు ఊళ్లో ఏజెంటు దగ్గరకు నడిచి వెళ్లాలి, అక్షరాలకు డబ్బు కట్టాలి, తన చిరునామానో ఫోన్ నంబరో ఇవ్వాలి. ఆ ల్యాండ్‌లైన్ ఒక ఇంటి గోడకు తగిలించి ఉంటుంది. కొనేవాడు ఎలాగూ ఆ ఇంటికే వెళ్లాలి, ఎందుకంటే డబ్బు పంపడానికి మనియార్డరు తప్ప తేలిక దారి లేదు. పత్రిక మనుషుల్ని కలిపి పక్కకు తప్పుకుంది గాని చోటును చెరిపెయ్యలేదు.

చోటును చెరిపేసింది మూడు కొత్త వసతుల కలయిక: ఉచిత ప్రకటన, చేతిలో తిరిగే ఫోన్, క్షణంలో కదిలే డబ్బు. విడివిడిగా ఏదీ ప్రమాదం కాదు. క్వికర్ ఆ పేరుతో 2008లో మొదలైంది, దానికి అటూ ఇటుగా ఓఎల్‌ఎక్స్ వచ్చింది. తొలి ఏళ్లలో వాటిమీద చూసిన సరుకును వెళ్లి చూసి నోట్లిచ్చి తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. 2016లో యూపీఐ వచ్చాక బేరం మొత్తం తెర మీదే ముగిసే వీలు కలిగింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి తరలింది. వేలమంది ఉద్యోగులు, వాళ్ల వెనక కుటుంబాలు విజయవాడ చుట్టుపక్కల అద్దెలకు దిగారు. గన్నవరం పక్కన కేసరపల్లిలో ఐటీ కొలువులు, చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లు. మంచం, ఫ్రిజ్, స్కూటీ కావాలి, ఊళ్లో ఎవరూ తెలియదు, ఫోన్ ఉంది. మోసగాడు వెతికే పరిస్థితి సరిగ్గా ఇదే.

ఈ మోసాల్లో బాగా పేరుపడినదానికి గన్నవరంలాంటి ఊళ్లతో విచిత్రమైన సంబంధం ఉంది. ప్రకటనలో బుల్లెట్టో స్విఫ్టో సగం ధరకే ఉంటుంది. ఫోన్ చేస్తే అవతలివాడు సైన్యంలోనో, ఎయిర్‌పోర్టుల్లో కాపలా కాసే సీఐఎస్‌ఎఫ్‌లోనో పనిచేస్తున్నానంటాడు. అర్జంటుగా బదిలీ అయింది, బండి ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో పెట్టాను, గేట్ పాస్‌కో కొరియర్‌కో ముందు కొంచెం పంపండి, అది మీకే తిరిగొస్తుంది అంటాడు. యూనిఫాంలో ఫోటో, గుర్తింపు కార్డు, ఆర్‌సీ వాట్సాప్‌లో వస్తాయి. కార్డు మీద ముఖం నిజమైన జవాన్‌దే కావచ్చు, ఎక్కడో దొంగిలించిన ఫోటో. కొంచెం పంపాక ఇంకొంచెం, తర్వాత జీఎస్టీ, తర్వాత ఇన్సూరెన్స్. తెలుగు రాష్ట్రాల పోలీసులు ఇలాంటి కేసుల వెనక పడి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దాకా వెళ్లి మనుషుల్ని పట్టుకొచ్చారు. గన్నవరం విమానాశ్రయం రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనిక స్థావరంగా పుట్టింది. సైన్యానికీ విమానాశ్రయానికీ జనం మనసులో ఉన్న ఆ చుట్టరికాన్నే మోసగాడు వాడుకుంటున్నాడు. నిజానికి పార్కింగ్‌లో పెట్టిన బండిని దాని యజమాని రుసుము కట్టి తీసుకుపోవడమే గాని, భద్రతా దళం కొనుగోలుదారుకు బండి అప్పగించే పద్ధతంటూ ఏదీ లేదు. స్మృతి చెప్పిన గుర్తులతో దీన్ని పోల్చి చూడండి. గుట్టు ఉంది: బేరమంతా ఇద్దరి ఫోన్ల మధ్య. హీనమైన ధర ఉంది. వేళ కూడా ఉంది: రేపే బదిలీ, ఇవాళే తేల్చాలి. అయితే తాహతు లేని అమ్మకందారు అన్న గుర్తును మాత్రం మోసగాడు తిప్పేశాడు. అనుమానం రాకుండా ఉండటానికి అందరూ గౌరవించే యూనిఫాం తొడుక్కున్నాడు. చోటు లేనితనాన్ని కప్పిపుచ్చడానికి అందరికీ తెలిసిన, కానీ లోపలికి వెళ్లి చూసుకోలేని చోటు పేరు చెప్పాడు.

మోసపోయినవాళ్లంతా అత్యాశకు పోయినవాళ్లేనని ఒక మాట బాగా వినిపిస్తుంది. సగం ధర బుల్లెట్టు విషయంలో అందులో కొంత నిజముంది. కానీ ఆశ లెక్కకు అందని మోసం ఒకటుంది, అది అమ్మేవాళ్ల మీద జరుగుతుంది. ఇంట్లో పాత సోఫా అమ్ముదామని ప్రకటన పెడతారు. అరగంటలో ఫోన్, అడిగిన ధరకే తీసుకుంటానంటాడు, బేరమే ఆడడు. డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటాడు. పిన్ కొట్టగానే డబ్బు రాదు, పోతుంది. యూపీఐలో పిన్ డబ్బు పంపడానికే తప్ప పుచ్చుకోవడానికి అక్కర్లేదు. ఇక్కడ బాధితుడు చౌకగా ఏదీ ఆశించలేదు, తన సోఫాకు తాను చెప్పిన ధరే అడిగాడు. అతనికి తెలియనిదల్లా డబ్బు ఎటు కదులుతోందన్నది. నోట్ల కాలంలో ఆ ప్రశ్నే లేదు, నోటు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లిందో కంటికి కనిపించేది. ఈ చిక్కు మనుషుల తెలివితక్కువతనం కాదని వ్యవస్థే చివరికి ఒప్పుకుంది. యూపీఐ నడిపే జాతీయ చెల్లింపుల సంస్థ, మనుషుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేయించింది. తొమ్మిదేళ్ల పాటు మోసపోయినవాళ్లను తిట్టాక తలుపుకే గొళ్లెం పెట్టారన్నమాట. క్యూఆర్ కోడ్ తలుపు ఇంకా తెరిచే ఉంది, దొంగ స్క్రీన్‌షాట్లూ ఆగలేదు. ఖాతాలో డబ్బు పడిందో లేదో బ్యాంకు యాప్‌లో చూసుకోకుండా వస్తువు గడప దాటించకూడదు.

చట్టం ఉంది కదా, ఫిర్యాదు చేస్తే సరిపోదా అన్నది ఇంకో వాదన. చట్టం ఉంది. వంచనకు భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్, దొంగసొత్తు పుచ్చుకున్నందుకు 317, కంప్యూటర్ అడ్డం పెట్టుకుని మారువేషం వేసినందుకు ఐటీ చట్టంలో 66డి. కేంద్ర హోంశాఖ 2021లో ఏర్పాటు చేసిన వ్యవస్థకు 1930 నంబరుతో వెంటనే చెబితే డబ్బు ఖాతాలు మారకముందే నిలిపే అవకాశం ఉంది. ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. హోంశాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం అన్ని రకాల సైబర్ మోసాల్లో 2024లో పోయింది 22,845 కోట్ల రూపాయలు. 2023లో అది 7,465 కోట్లు. పెట్టుబడి మోసాల్లాంటివన్నీ ఆ మొత్తంలో కలిసున్నాయి గనుక పాత సామాన్ల మోసాన్ని దాంతో కొలవలేం. కానీ శిక్షలున్నా మోసం ఏ వేగంతో పెరిగిందో తెలుస్తుంది. శిక్ష వెయ్యాలంటే ముందు మనిషి దొరకాలి. కేతన నాటి న్యాయం కొన్నవాడితో అమ్మినవాణ్ని చూపించమంది. ఇవాళ సైబర్ పోలీసు స్టేషన్‌లో కూడా మొదట అడిగేది అదే, బాధితుడి దగ్గరున్నది వేరే ఎవరి పేరు మీదో తీసుకున్న సిమ్ నంబరొక్కటే.

కొన్నది దొంగసొత్తని తేలితే అది ఎవరికి దక్కాలన్న విషయంలో ఇంగ్లండులో పాత ఆచారం ఒకటుండేది. బహిరంగ బజారులో పొద్దుపొడిచాక, పొద్దుగూకేలోగా, నలుగురి ముందు సదుద్దేశంతో కొన్న వస్తువు దొంగసొత్తైనా కొన్నవాడికే దక్కుతుందని. 1994 చట్టంతో దాన్ని ఎత్తేశారు. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి లేని హక్కు మామూలుగా కొన్నవాడికి రాదు. అంటే యాజ్ఞవల్క్యుడి వైపే నిలబడ్డాం. దీని బరువు కొనేవాడి మీదే పడుతుంది గనుక పాత ఫోన్ కొనేముందు స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కి వచ్చిన ఐఎంఈఐ నంబరును, 2023లో మొదలైన సంచార్ సాథీలో సరిచూసుకోవాలి. పోయిందని ఫిర్యాదున్న ఫోన్ అక్కడ తెలిసిపోతుంది. బండికైతే చాసిస్ మీద అంకెలూ ఆర్‌సీలో అంకెలూ రవాణా శాఖ రికార్డులో అంకెలూ ఒక్కటేనా అని చూడాలి.

ఇక నాకు అన్నిటికన్నా బరువైన అభ్యంతరం: సంతనూ దళారినీ ఇంతగా తలుచుకోవడం తెలియనివాణ్ని దూరం పెట్టిన లోకాన్ని తలుచుకోవడమే కదా అని. ముఖపరిచయం మీద నడిచే బజారులో పరిచయం ఎవరికుంటే వాళ్లదే రాజ్యం. ఎవరి తాలూకు అన్న ప్రశ్నకు కులంతో, ఊరితో, ఇంటిపేరుతో జవాబివ్వాల్సి వచ్చేది. ఆడవాళ్లు ఎద్దుల సంతలో బేరమాడిన సందర్భాలు అరుదు. ఊరికి కొత్తగా వచ్చిన కౌలుదారుకు దళారి చెప్పే ధర వేరు. ఆన్‌లైన్ ప్రకటన ఆ ప్రశ్న అడగదు. హాస్టల్లో ఉండే అమ్మాయి తనంతట తాను స్కూటీ బేరం చేసుకోగలుగుతోంది. ఇది చిన్న మేలు కాదు, దీన్ని వదులుకోమనే హక్కు ఎవరికీ లేదు. అందుకే తిరిగి రావాల్సింది దళారి కాదు, దళారి మోసిన బాధ్యత. అమ్మకం తర్వాత కూడా దొరికే పేరు, చోటు ఉండాలి. ఆశ్చర్యమేమిటంటే ప్రభుత్వం ఆ దిక్కుకే కదిలింది. 2022 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. పాత బండ్ల డీలర్లు రిజిస్టర్ చేసుకుని అధికార పత్రం తీసుకోవాలి, యజమాని తన బండిని డీలరుకు అప్పగించిన సంగతి రిజిస్టరింగ్ అధికారికి తెలియజెయ్యాలి, అప్పటినుంచి ఆ బండి మంచిచెడ్డలకు డీలరే జవాబుదారు. సంతలో అలవాటుగా సాగిన దాన్ని ఫారాల్లోకి ఎక్కించారు. మంచాలకూ ఫ్రిజ్‌లకూ ల్యాప్‌టాప్‌లకూ అలాంటిదేమీ లేదు. అక్కడ కొనేవాడు తనంతట తాను చోటును పుట్టించుకోవాలి: అమ్మేవాడి ఇంట్లోనో, పగటిపూట నలుగురు తిరిగే చోటో వస్తువును ఆన్ చేసి చూసి, అప్పుడే డబ్బు పంపాలి. చూడకముందు రూపాయి కూడా పంపనంటే చాలు, ఎయిర్‌పోర్టు జవాన్లలో చాలామంది ఫోన్ పెట్టేస్తారు.

అమ్మేవాడు దాక్కోవడానికి మోసగాడే అవసరం లేదన్న సంగతి కూడా చెప్పాలి. నిజాయితీపరులు సైతం బండి అమ్మేటప్పుడు 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టిచ్చి చేతులు దులుపుకుంటారు. ఆ కాగితాలతో బండి మూడు నాలుగు చేతులు మారుతుంది, ఆర్‌సీలో పేరు మాత్రం మారదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసే తేల్చింది. బండి పలుమార్లు చేతులు మారాక ప్రమాదం జరిగినా, రికార్డులో యజమానిగా ఉన్నవాడే బాధితులకు పరిహారం ఇచ్చుకోవాలంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో బండి అమ్మితే అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజెయ్యాలి. 157వ సెక్షన్ ప్రకారం బీమా కొన్నవాడి పేరుకు మారినట్టే లెక్కగాని, అతను పద్నాలుగు రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. తాళం చెవి చేతులు మారిన తేదీ, గంట రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఒకటి ఎవరి దగ్గర వాళ్లు ఉంచుకుంటే, ఈ దరఖాస్తులన్నీ తేలేదాకా అదే ఇద్దరికీ ఆధారం.